స్కూల్లో ఇచ్చిన సైకిల్, దారిలో దిగుడు, రైలు గేటు: పిల్లని ఎక్కించే ముందు ఏం చూసుకోవాలి?

మహేంద్రతనయ_ఒడ్డు (పర్లాకిమిడి దగ్గర, గజపతి జిల్లా)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతికి వచ్చింది, స్కూల్లో సైకిల్ ఇచ్చారు. లేడీస్ సైకిల్, రాడ్ బ్రేకులు (తీగ బదులు ఇనప కడ్డీలతో లాగేవి). ఇంటి నుంచి స్కూలుకి వెళ్ళే దారిలో ఒక దిగుడుంది. అది దిగిన కాసేపటికే గుణుపురం రైలు లైను రోడ్డుకి ఏటవాలుగా అడ్డొస్తుంది. అది దాటితే పెద్ద రోడ్డు, పాతపట్నం వైపు వెళ్ళే లారీలు, బస్సులు.

సైకిల్ కొత్తదే గానీ బిగింపు హడావిడిగా చేసినట్టుంది. బ్రేకు పిడి నొక్కితే హ్యాండిలుకి ఆనిపోతోంది. ముందు చక్రం ఎత్తి తిప్పితే రిమ్ము ఒకచోట ఎగిరి మళ్ళీ దిగుతోంది. తొక్కితే చుట్టుకోసారి టక్‌మంటోంది. ఒక దుకాణంలో చూపిస్తే "కొత్తది అలాగే ఉంటుంది, తొక్కగా తొక్కగా సర్దుకుంటుంది" అన్నారు. నాకు మనసొప్పలేదు. పానాలు ఇంట్లో ఉన్నాయి, చెబితే చేసుకోగలను. ఏది ముందు చూడాలి, ఏది తర్వాత?

గుణుపురం_పానా (గుణుపురం, రాయగడ జిల్లా)

బావూ, సర్దుకోదు. లూజుగా ఉన్నది తొక్కేకొద్దీ ఇంకా లూజవుద్ది. మా నాన్న దుకాణం పెట్టిన కాడి నుంచీ ఇదే పని చూస్తున్నాను. స్కూలు సైకిళ్ళు వచ్చే రోజుల్లో మా దగ్గరికి వచ్చేవన్నీ ఇవే జబ్బులు.

ముందు బ్రేకులు. మిగతావన్నీ తర్వాత.

రాడ్ బ్రేకు కట్టలు, అంటే రిమ్ముని పట్టే రబ్బరు ముక్కలు, రిమ్ము పక్కల కాదు, లోపలి అంచు మీద నొక్కుతాయి. కట్టకీ రిమ్ముకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సందు చాలు. రాడ్డు కలిసే చోట చిన్న బోల్టు ఉంటది. దాన్ని వదులు చేసి, రాడ్డు కొంచెం లాగి మళ్ళీ బిగిస్తే సందు తగ్గుద్ది. పిడి సగం దాకా వచ్చేసరికే చక్రం ఆగిపోవాలి. మీ అమ్మాయి చెయ్యి చిన్నది, అందుకని మీ చేత్తో కాదు, ఆ పిల్ల చేత్తోనే నొక్కించి చూడండి.

ఇంకోటి చాలామంది చూడరు. కట్ట కూర్చునే రేకు గూడుకి ఒక కొస మూసి ఉంటది, ఇంకో కొస తెరిచి ఉంటది. బ్రేకు పడ్డప్పుడు రిమ్ము కట్టని ఎటు లాగుతుందో ఆ పక్కే మూసిన కొస ఉండాలి. తిరగేసి బిగిస్తే కట్ట జారి బయటికి వచ్చేస్తది. దిగుడులో, సరిగ్గా గట్టిగా నొక్కినప్పుడే జారుద్ది. చక్రం చేత్తో మెల్లిగా ముందుకి తిప్పుతూ నాలుగు గూళ్ళూ ఒక్కొక్కటే చూడండి.

కాశీనగర్_కుర్రాడు

అంకుల్, నాదొక మాట. పాపకి ముందు బ్రేకు ముట్టుకోవద్దని చెప్పండి. ముందు బ్రేకు వేస్తే బోర్లా పడతారు. మా ఊళ్ళో అందరూ వెనకదే వేస్తారు, నేనూ అంతే.

సుంకి_ఘాటీ (పొట్టంగి వైపు, కొరాపుట్ జిల్లా)

తమ్ముడూ, ఈ మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాను. మా ఘాటీలో, అంటే కొండ రోడ్డు మీద, ఎంతోమంది పడడానికి ఇదే కారణం అనిపిస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తాను.

బోర్లా పడేది ముందు బ్రేకు వల్ల కాదు, దాన్ని ఒక్కసారిగా బిగబట్టడం వల్ల. బండి ఆగేటప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వాలుతుంది, వెనక చక్రం తేలికైపోతుంది. అలా తేలికైన చక్రానికే బ్రేకు వేస్తే అది తిరగడం మానేసి రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. సైకిల్ తోక ఊపినట్టు పక్కకి పోతుంది. దిగుడులో అయితే బరువు ఇంకా ముందుకు పడుతుంది, వెనక బ్రేకు పని ఇంకా తగ్గుతుంది. అంటే వెనక బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకున్నవాళ్ళకి బ్రేకు బాగా కావలసిన చోటే అది చాలదు.

పిల్లలకి నేర్పే పద్ధతి ఇది. స్కూలు మైదానంలో, సమతలం మీద, ముగ్గుపిండితో ఒక గీత గీయండి. నెమ్మదిగా తొక్కుకుంటూ వచ్చి గీత దగ్గర ఆగాలి. మొదట వెనక బ్రేకు పట్టుకోవాలి, వెంటనే ముందు బ్రేకు మెల్లిమెల్లిగా పెంచుతూ నొక్కాలి. నొక్కేటప్పుడు చేతులు నిటారుగా, నడుము సీటు మీద వెనక్కి జరగాలి. వెనక చక్రం జారుతున్నట్టు అనిపిస్తే ముందు బ్రేకు కొంచెం వదలాలి. మొదట్లో గీత దాటిపోతారు. చెయ్యి తనంతట తాను నేర్చుకునే వరకూ చేయించండి. ఆ తర్వాతే దిగుడు.

దిగుడులో వేగం పెరిగాక ఆపడం కాదు, పెరగకుండా పై నుంచే పట్టుకుంటూ రావాలి. మలుపు ఉంటే మలుపుకి ముందే తగ్గించుకోవాలి, మలుపులో గట్టిగా బ్రేకు వేయకూడదు. సుంకి ఘాటీ లాంటి పొడుగు దిగుళ్ళలో రిమ్ము చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. అక్కడ మేం మధ్యలో ఆగుతాం, మరీ నిటారుగా ఉన్నచోట దిగి నడిపించుకుంటాం.

కాశీనగర్_కుర్రాడు

సరే అన్నా, రేపు ఖాళీ రోడ్డు మీద చేసి చూస్తాను. వానలో కూడా ఇలాగేనా?

సుంకి_ఘాటీ

వానలో ఇంకా ముందే మొదలుపెట్టాలి. మన సైకిళ్ళవి ఇనప రిమ్ములు, తడిస్తే కట్ట పట్టదు. చక్రం కొన్ని చుట్లు తిరిగి ఆ నీళ్ళు తుడుచుకుపోయాకే బ్రేకు అందుతుంది. కాబట్టి ఆగాల్సిన చోటికి చాలా ముందు నుంచే రెండు బ్రేకులూ తేలిగ్గా ఆనించి రిమ్ముని తుడుస్తూ రావాలి. తడి రోడ్డు మీద తెల్ల గీతలు, పేడ, రాలిన ఆకులు, కాలవ మీద వేసిన ఇనప రేకులు జారుతాయి. వాటి మీద బ్రేకూ వద్దు, మలుపూ వద్దు.

బరంపురం_టీచర్

నాదీ ఒక విన్నపం. వానాకాలం మా స్కూలు గేటు దగ్గర రోజూ చూసేదే: ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో హ్యాండిలు. అంటే చేతిలో ఒకే బ్రేకు. గాలి వచ్చి గొడుగు తిరగబడితే అదీ ఉండదు. దయచేసి పిల్లలకి రెయిన్‌కోటు కొనండి. అదీ వెనక వేలాడకుండా, సీటు కింద చక్రంలో పడకుండా బిగించుకునేలా ఉండాలి.

చున్నీ సంగతి కూడా. రెండు కొసలూ నడుం దగ్గర ముడి వేసుకోమనండి. స్కూలు సైకిళ్ళకి చైను కవరు ఇస్తారు, చప్పుడు వస్తోందని కొందరు తీయించేస్తారు. తీయించకండి. చప్పుడు వస్తే వంపు సరిచేయించండి. పుస్తకాల సంచి హ్యాండిలుకి తగిలించకూడదు, మోకాలికి తగులుతుంది, మలుపులో హ్యాండిలు లాగేస్తుంది. వెనక కేరియరు మీద పెట్టి రబ్బరు తాడు వేయండి, తాడు కొస వేలాడకూడదు.

వెనకాల స్నేహితురాలిని ఎక్కించుకోవడం మాత్రం ఆ దిగుడు దారిలో వద్దని ఇంట్లోనే గట్టిగా చెప్పండి. మేం స్కూల్లో చెబుతూనే ఉంటాం. బరువు పెరిగితే ఆగే దూరం పెరుగుతుంది, కేరియరు నట్లు కూడా ఆ బరువుకి వదులవుతాయి.

మహేంద్రతనయ_ఒడ్డు

అందరికీ చాలా థాంక్స్. గుణుపురం అన్నా, మీరన్నట్టు నాలుగు గూళ్ళూ చూశాను. వెనక ఎడమ పక్కది తిరగేసే ఉంది! కట్ట అప్పటికే కొంచెం బయటికి వచ్చి ఉంది. తీసి సరిగ్గా బిగించాను. ఇది చూశాక మిగతావన్నీ కూడా విప్పి చూడాలనిపిస్తోంది. ఆ టక్ టక్ సంగతి చెప్పండి. ముందు చక్రం ఎగురుడు కూడా.

గుణుపురం_పానా

మంచి పని చేశారు బావూ.

టక్‌మనే చప్పుడు తొక్కుడికి ఒకసారి వస్తోందంటే చక్రంలో కాదు, పెడలు, క్రాంకు (పెడలుని పట్టే ఇనప చెయ్యి), మధ్య ఇరుసు, ఈ మూడిట్లోనే. క్రాంకులు రెండూ నేలకి సమంగా అడ్డంగా పెట్టండి. రెండు పెడళ్ళ మీదా చేతులతో బరువేసి నొక్కండి. ఇప్పుడు అర చుట్టు తిప్పి మళ్ళీ అలాగే నొక్కండి. ఒక క్రాంకు కొంచెం దిగినట్టనిపిస్తే అది కాటరు. క్రాంకుని ఇరుసుకి పట్టే ఆ ఏటవాలు పిన్ను అన్నమాట.

చాలామంది నట్టు బిగించి కాటరుని లోపలికి లాగాలని చూస్తారు. దానివల్ల మర పోతుంది గానీ పిన్ను కూర్చోదు. నట్టు వదులు చేసి, క్రాంకు కింద గట్టి చెక్క గానీ ఇనప గొట్టం గానీ నేలకి ఆనేలా పెట్టి, పిన్ను తల మీద సుత్తితో రెండు మూడు దెబ్బలు కొట్టి, అప్పుడు నట్టు బిగించాలి. కింద ఆసరా లేకుండా కొడితే ఆ దెబ్బ లోపలి బాల్సుకి తగిలి, అవి దొర్లే కప్పులు గుంటలు పడతాయి. పిన్ను చదును అరిగిపోయి మెట్టు పడి ఉంటే కొత్తది వేయడమే. రెండు కాటర్లూ ఒకదానికొకటి ఎదురు దిక్కులో ఉండాలి, లేకపోతే క్రాంకులు ఒకే గీతలో ఉండవు.

క్రాంకు కదలట్లేదంటే పెడలు చూడండి. ఇక్కడే పొరపాటు జరుగుద్ది. కుడి పెడలు మామూలు మరే. ఎడమ పెడలుది ఎదురు మర. గుర్తు ఏటంటే, ఏ పక్కయినా సరే, పానా పై కొసని ముందు చక్రం వైపు తోస్తే బిగుసుద్ది, వెనక చక్రం వైపు తోస్తే వదులవుద్ది. ఎడమది బిగిస్తున్నామనుకుని తిరగేసి బలవంతంగా తిప్పితే క్రాంకు మర తెగిపోద్ది, ఇంక క్రాంకే మార్చాలి. ముందు చేత్తో తిప్పండి. చేత్తో నాలుగు చుట్లు తేలిగ్గా వెళ్ళాకే పానా పెట్టండి.

చక్రం ఎగురుడు మాత్రం ఇంట్లో చేయకండి. పక్కకి ఊగితే రెండు పుల్లలు (స్పోకులు) సరిచేసి తేల్చొచ్చు. ఎగురుడు అంటే రిమ్ము గుండ్రం తప్పింది. రాడ్ బ్రేకులకి పక్క ఊపు కంటే ఈ ఎగురుడే చేటు, బ్రేకు పట్టి వదిలి పట్టి వదిలి వస్తది. బెండు తీసే స్టాండు ఉన్నవాళ్ళ దగ్గరికే తీసుకెళ్ళండి. దగ్గర్లో ఎవరూ లేకపోతే గుణుపురం రైల్లో వేసుకుని రండి, నేను చేసి పెడతాను.

రాజురా_బాట (రాజురా, చంద్రపూర్ జిల్లా, మహారాష్ట్ర)

గుణుపురం అన్న మంచిగ చెప్పిండు. మా దిక్కు కథ వేరే. మాది నల్లరేగడి, పైనుంచి బొగ్గు లారీలు. వాన పడితే మట్టి మడ్‌గార్డుల ఇరుక్కొని చక్రం తిరగదు. ఎండకాలం బొగ్గు పొడి చైను మీద కూసుంటది. నేను ఇన్నేండ్లు బండిల తీసేసిన ఇంజన్ ఆయిలే పోస్తున్న. పైసలు పడవు, మందంగ ఉంటది, తుప్పు పట్టదు. ఇంకా మంచిది ఏమన్న ఉంటే చెప్పుండ్రి.

గుణుపురం_పానా

అన్నా, ఆ నూనె మానేయండి. తీసేసిన ఆయిల్లో ఇంజను అరిగిన ఇనప రజను, మసి ఉంటాయి. దానికి మీ బొగ్గు పొడి తోడైతే చైను లోపల గరుకు కాగితం పెట్టి రాసినట్టే. పైకి మెరుస్తది, లోపల పిన్నులు అరుగుతాయి.

చైను సాగిందంటారు గానీ ఇనుము సాగదు. పిన్నూ బుష్షూ అరిగి ప్రతి లింకులో కొంచెం సందు వస్తది, అన్నీ కలిసి పొడుగవుద్ది. ఇంట్లో పిల్లల పన్నెండు అంగుళాల స్కేలు చాలు కొలవడానికి. పిన్నుకీ పిన్నుకీ దూరం అర అంగుళం. చైను బిగువుగా ఉన్నచోట ఒక పిన్ను నడిమధ్యన సున్నా పెట్టండి. పన్నెండు దగ్గర మళ్ళీ ఒక పిన్ను నడిమధ్యే రావాలి. అది గీత దాటి అంగుళంలో పదహారో వంతు పోయిందంటే కొత్త చైను తెచ్చుకునే వేళయింది. ఎనిమిదో వంతు పోయిందంటే ఆ చైను పళ్ళని కూడా తినేసినట్టే. అప్పుడు కొత్త చైను ఒక్కటే వేస్తే పాత ఫ్రీవీలు (వెనక చక్రానికుండే పళ్ళ చక్రం) మీద ఎగిరెగిరి పడుద్ది, రెండూ మార్చాలి.

రాజురా_బాట

ఇప్పుడే కొలిసిన. ఎనిమిదో వంతు కంటె ఎక్కువే ఉన్నది. ఫ్రీవీలు పండ్లు గూడ కొక్కెం లెక్క వంగినయ్. రెండూ మారుస్త. కొత్తదానికి ఏం నూనె పొయ్యాలె?

గుణుపురం_పానా

పాత మురికి ఉంటే కిరసనాయిలు, పాత బ్రష్షుతో కడిగి, గుడ్డతో తుడిచి, బాగా ఆరనిచ్చి, అప్పుడు కొత్త నూనె. కుట్టు మిషను నూనె పలచన, ఎండకాలం బాగుంటది, వానకి కొట్టుకుపోద్ది. వానల్లో కొంచెం చిక్కటి కొత్త ఆయిలు. ఏదైనా పైన గుమ్మరించడం కాదు. లింకుకో చుక్క, లోపలి గుండ్రటి రోలరు మీద పడాలి. పెడలు వెనక్కి తిప్పుతూ వేయండి. కాసేపు ఆగి పైన ఉన్నదంతా గుడ్డతో తుడిచేయండి. బయట నూనె ఉంటే దుమ్ము పట్టడం తప్ప లాభం లేదు.

రిమ్ము మీద, బ్రేకు కట్టల మీద మాత్రం ఒక్క చుక్క పడకూడదు.

కాశీనగర్_కుర్రాడు

కొబ్బరినూనె వేయొచ్చా? మా అమ్మమ్మ వేయమంటుంది.

గుణుపురం_పానా

వద్దు నాన్నా. చలికాలం గడ్డకట్టేస్తది, ఎండకి జిగురవుద్ది. అమ్మమ్మకి జడకి రాయమను.

కాశీనగర్_కుర్రాడు

ఇంకో ప్రశ్న. 2018లో తిత్లీ తుఫాను అప్పుడు వంశధార వరదలో మా నాన్న సైకిల్ మునిగింది. పైన తుడిచి వాడుతూ వచ్చారు. ఇప్పుడు చక్రం తిప్పితే లోపల ఇసుక నలిగినట్టు చప్పుడు. బాగవుతుందా?

గుణుపురం_పానా

నలిగినట్టు కాదు, నలుగుతోంది. మునిగిన సైకిల్‌కి నీళ్ళు చక్రాల నడిమి హబ్బుల్లోకి, మధ్య ఇరుసులోకి, హ్యాండిలు కింది బాల్సులోకి వెళ్తాయి. నీళ్ళు పోయినా సన్న మట్టి అక్కడే ఉండిపోద్ది, గ్రీజుతో కలిసి ముద్దవుద్ది. మూడు చోట్లా విప్పాలి. బాల్సు, కప్పులు, కోన్లు (ఇరుసు మీద బాల్సుకి ఆనే శంకు బిళ్ళలు) కిరసనాయిల్లో కడిగి వెలుగులో తిప్పి చూడాలి. కోను మీద గుంట గానీ గీత గానీ వేలి గోరుకి తగిలితే అది పారేయడమే. బాల్సు తక్కువ ఖరీదే, అన్నీ కొత్తవి వేసేయండి. ఒకే చోట పాతవీ కొత్తవీ కలపొద్దు.

గ్రీజు పెట్టి బిగించాక చూసే పద్ధతి: చక్రం పట్టుకుని పక్కకి ఊపితే కదలకూడదు. ఎత్తి వదిలేస్తే ట్యూబు వాల్వు బరువుకి చక్రం మెల్లిగా తనే తిరిగి, వాల్వు కిందికి వచ్చి ఆగాలి. ఊగిందంటే వదులు, తిరగలేదంటే బిగువు. ఈ రెంటికీ మధ్య కుదిరే దాకా కోను కొంచెం కొంచెం తిప్పుతూ ఉండాలి. ఇందులో తొందర పనికిరాదు.

బరంపురం_టీచర్

రైలు గేటు సంగతి ఎవరూ చెప్పలేదు. మొదటి ప్రశ్నలో నన్ను భయపెట్టింది అదే. పట్టాలు రోడ్డుకి ఏటవాలుగా ఉన్నాయన్నారు. అక్కడ రోడ్డు వెంబడే నేరుగా పోతే ముందు చక్రం పట్టా పక్క సందులో పడిపోతుంది. తడిస్తే పట్టా మీదే జారిపోతుంది. పట్టాలకి అడ్డంగా, సూటిగా దాటాలి. అలా దాటాలంటే సైకిల్‌ని కొంచెం పక్కకి తిప్పాలి, తిప్పాలంటే వెనక వాహనం ఉందేమో చూసుకోవాలి. తొమ్మిదో తరగతి పిల్లకి ఇన్ని ఒకేసారి బరువే. దిగి నడిపించుకుని దాటమనండి. గేటు వేసి ఉన్నప్పుడు కింద నుంచి దూరడం మాత్రం ఎవరు దూరినా సరే, తను దూరకూడదు.

పెద్ద రోడ్డు మీద ఎడమ పక్కనే, కానీ మరీ మట్టి అంచు మీద కాదు. తారు అంచు తెగి గుంట ఉన్నచోట పిల్లలు కిందికి దిగి మళ్ళీ పైకి ఎక్కబోయి లారీ ముందు పడతారు. అంచుకి ఒక మూర లోపల, వంకర్లు పోకుండా సూటిగా. ఆగి ఉన్న బస్సుని దాటేటప్పుడు ఇంకా దూరంగా ఉండాలి, జనం దిగి ఒక్కసారిగా ముందుకి వస్తారు.

రాజురా_బాట

టీచరమ్మ మాటకు ఇంకోటి కలుపుత. లారీ ఎడమ పక్క సందుల సైకిల్ పెట్టొద్దు. మలుపు దగ్గర ఆగిన లారీ పక్కకెళ్లి ముందుకు పోదమని చూస్తరు. డ్రైవరుకు ఆ పక్క కనపడది. లారీ ఎడమకు తిరిగినప్పుడు దాని వెనక చక్రాలు లోపటి నుంచి కోసుకుంట వస్తయ్. లారీ వెనకనే ఆగాలె, అది పోయినంక పోవాలె.

సుంకి_ఘాటీ

మా వైపు ఇంకో గండం ఉంది. కోతల రోజుల్లో తారు రోడ్డు మీద చోళ్ళు (రాగులు), ఉలవలు, వరి పరుస్తారు, బళ్ళు తొక్కితే నూర్పిడి అయిపోతుందని. ఎండుగడ్డి చైనులోకి, హబ్బుకి చుట్టుకుంటుంది, చూస్తుండగానే చక్రం బిగుసుకుపోతుంది. గింజలైతే టైరు కింద దొర్లుతాయి. దూరం నుంచి కనబడగానే వేగం తగ్గించి, దాని మీద బ్రేకు వేయకుండా, తిప్పకుండా సూటిగా పోవాలి. దట్టంగా ఉంటే దిగిపోవడమే. దాటాక ఒకసారి ఆగి ఇరుసు దగ్గర గడ్డి లాగేయాలి.

చలికాలం పొద్దున్నే మంచు కూడా. వెనక ఎర్ర రిఫ్లెక్టరు, చక్రాల్లో పసుపువి, పెడళ్ళవి, అన్నీ మట్టి లేకుండా తుడవండి. రిఫ్లెక్టరు ఎదుటి బండి వెలుగు పడితేనే కనబడుతుంది. డైనమో లైటు సైకిల్ ఆగితే ఆరిపోతుంది. పొద్దున్నే వెళ్ళే పిల్లలకి వెనక బ్యాటరీతో వెలిగే ఎర్ర లైటు ఒకటి తప్పకుండా పెట్టండి.

మహేంద్రతనయ_ఒడ్డు

నిన్న సాయంత్రం మైదానంలో గీత గీసి చేయించాను. మొదట వెనక బ్రేకే పట్టుకుంటోంది. తర్వాత ముందు బ్రేకు పెంచడం తెలిసింది, నడుము వెనక్కి జరపడం కూడా బాగా వచ్చింది. కుడి కాటరు వదులుగా ఉంది, చెక్క పెట్టి కొట్టి బిగించాక టక్ టక్ పోయింది. ముందు చక్రం బెండు తీయించడానికి ఆదివారం గుణుపురం వస్తున్నాం అన్నా. అప్పటిదాకా దిగుడు దారి లేదు, నేనే బండి మీద దింపుతున్నాను.

రెండు చిన్న అనుమానాలు. సీటు ఎంత ఎత్తు పెట్టాలి? గాలి ఎంత?

గుణుపురం_పానా

సీటు మీద కూర్చుని, పెడలు బాగా కిందికి వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా సాగాలి. పెద్దవాళ్ళకి అది సరైన ఎత్తు. కొత్తగా నేర్చుకుంటున్న పిల్లకి అంతకంటే కొంచెం దించండి, కూర్చుని ఉండగానే రెండు ముని కాళ్ళూ నేలకి అందాలి. ధైర్యం వచ్చాక ఎత్తొచ్చు. సీటు గొట్టం మీద ఒక గీత ఉంటది, అది బయటికి కనబడేంత పైకి లాగకూడదు.

గాలి ఎంతో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటది, దాన్ని మించొద్దు. గాలి తక్కువైతే గుంటలో రిమ్ము దెబ్బతిని ట్యూబుకి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ఈ సైకిల్‌కి పాత రకం వాల్వు అయితే లోపల చిన్న రబ్బరు గొట్టం ఉంటది. పంక్చరు లేకుండానే రోజూ గాలి దిగుతోందంటే ముందు ఆ రబ్బరు మార్చి చూడండి. పంక్చరే అయితే ప్యాచ్ వేసి ఊరుకోకండి. టైరు లోపల వేళ్ళతో మెల్లిగా తడిమి ముల్లు తీయాలి. తుమ్మముల్లు విరిగి లోపల ఉండిపోతే పొద్దున్న వేసిన ప్యాచ్ పక్కనే సాయంత్రం మళ్ళీ చిల్లు.

ఆదివారం వచ్చేటప్పుడు పిల్లని కూడా తీసుకురండి, బ్రేకు పిడి ఆ చేతికి సరిపోయేట్టు అక్కడే చూసుకుందాం. ఇంకోటి గుర్తుంచుకోండి. కొత్త సైకిల్‌కి మొదటి నెలలోనే పుల్లలు, కాటర్లు, హ్యాండిలు బోల్టు, చక్రాల నట్లు వదులవుతాయి. నెల తిరిగాక అన్నీ మళ్ళీ ఒకసారి బిగించాలి. చైను బిగించడానికి వెనక చక్రం కొంచెం వెనక్కి లాగారంటే బ్రేకు కట్టల సందు కూడా మారిపోద్ది, అది సరిచేశాకే పిల్ల చేతికి ఇవ్వండి.